లంగ్ క్యాన్సర్: ఆపరేషన్ కుదరదంటే.. ఇక ఆశ లేనట్టేనా?

చీరాల పక్కనున్న ఈపురుపాలెం లాంటి చేనేత ఊళ్లో ఎవరికైనా ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలితే, ఇంట్లోవాళ్లు ముందు అడిగేది ఒకటే.. ఆపరేషన్ చేస్తారా? కుదరదని డాక్టర్ చెబితే చేతులెత్తేశారనుకుంటారు. అది పొరపాటు.

గడ్డ ముదరని 1, 2 స్టేజీల్లో ఆపరేషన్‌కే మొదటి ప్రాధాన్యం. అయితే కోయగా మిగిలిన ఊపిరితిత్తితో మనిషి తట్టుకోగలగాలి. ఏళ్ల తరబడి చుట్ట, బీడీ కాల్చినవాళ్లకు చిక్కంతా ఇక్కడే. అలాంటివాళ్లకు గడ్డ చిన్నదైతే ఎస్‌బీఆర్‌టీ అనే రేడియేషన్ ఉంది. గడ్డకే గురిపెట్టి కొద్ది సిట్టింగుల్లోనే ఇస్తారు. 3వ స్టేజీలో చాలామందికి కీమో, రేడియేషన్ కలిపి నడుస్తాయి. స్మాల్ సెల్ రకమైతే ఆపరేషన్ అరుదు.

అసలు కష్టం వేరే ఉంది. కీమోతో కలిపి ఇచ్చే రేడియేషన్ అంటే వారానికి 5 రోజులు, సుమారు 6 వారాలు. గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది. ఎన్టీఆర్ వైద్యసేవ కింద చికిత్స ఖర్చు గట్టెక్కొచ్చు. కానీ తోడు వెళ్లే మనిషి అన్నాళ్లూ మగ్గం ఆపాల్సిందే కదా! ఆ కూలి ఎవరిస్తారు? పోనీ అని మధ్యలో మానేస్తే వైద్యం ఫలితమే దెబ్బతింటుంది. అందుకే ఏ చికిత్స అన్నదానితో పాటు ఎన్ని సిట్టింగులు, అక్కడ ఉండటానికి చోటుందా అన్నది కూడా మొదటి రోజే డాక్టర్‌ని అడగండి.