కిడ్నీ చుట్టూ కొవ్వు!

మటన్ దుకాణంలో గుర్దాలు కొన్నవారికి తెలుసు... వాటి చుట్టూ తెల్లగా, గట్టిగా కొవ్వు పట్టి ఉంటుంది. మనిషి కిడ్నీలకూ అలాంటి కొవ్వు మెత్త ఉంది. దెబ్బ తగలకుండా కాపాడేదీ, కిడ్నీని ఉన్నచోట నిలిపేదీ అదే. మరీ చిక్కిపోయిన కొందరిలో ఈ ఆసరా తగ్గి, లేచి నిలబడితే కిడ్నీ కిందికి జారుతుంది కూడా.

చర్మం కింది కొవ్వు వేళ్లకు దొరుకుతుంది, ఇది దొరకదు. పేగుల చుట్టూ చేరే కొవ్వులాంటిదీ కాదు. కిడ్నీతో కలిపి దీన్ని ఓ పొర సంచిలా చుట్టి ఉంచుతుంది. పసిపిల్లల్లో ఇది ఒంటికి వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు. పెద్దయ్యేసరికి చాలావరకు తెల్లకొవ్వుగా మారుతుంది.

అతిగా పెరిగితేనే చిక్కు. సంచిలో చోటు తక్కువ కాబట్టి కిడ్నీపైనా, దాని రక్తనాళాలపైనా ఒత్తిడి పడుతుంది. ఉప్పు, నీరు ఒంట్లో నిలిచి బీపీ పెరగొచ్చు. ఆ బీపీ మళ్లీ కిడ్నీనే దెబ్బతీస్తుంది.

కూర్చుని పనిచేసేవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. పోచంపల్లిలో గుంట మగ్గంపై నేసేవారినే చూడండి. కాళ్లూ చేతులూ ఆడుతూనే ఉంటాయి, కూర్చున్నచోటు మాత్రం గంటల తరబడి మారదు. అప్పుడప్పుడూ లేచి నాలుగడుగులు వేయాలి.

ఈ కొవ్వును కాటా చూపదు, స్కానింగ్‌లోనే తెలుస్తుంది. ఇంట్లో మాత్రం టేపుతో నడుము కొలుచుకోవచ్చు. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే బీపీ, షుగర్‌తోపాటు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షల గురించి డాక్టర్‌ను అడగండి.