నివేదికలో చదవని వరుస

ఫిబ్రవరి వచ్చిందంటే అనంతపురం పల్లెల్లో బడి వార్షికోత్సవాల కాలం. ఈ ఏడు ధర్మవరం వైపు ఒక ప్రాథమికోన్నత పాఠశాల వాళ్ళు నన్నూ పిలిచారు. వేపచెట్టుకూ ప్రహరీకీ కట్టిన షామియానా, బల్ల మీద బహుమతి స్టీలు గిన్నెలు, మైకులో హెడ్మాస్టరు నివేదిక. చదువులో ఇంత, ఖోఖోలో ఇంత, ముగ్గుల పోటీలో ఇంత. ఇలాంటి నివేదికలు ఎన్నో విన్నాను. చప్పట్లు ఎక్కడ కొట్టాలో ఊరికి ముందే తెలుసు.

ఒక్కచోట మాత్రం చప్పట్లు ఆగలేదు. పోయినేడు ఎనిమిదో తరగతిలో ఇద్దరికి ఎన్‌ఎంఎంఎస్ వచ్చిందన్నప్పుడు. కేంద్రం ఇచ్చే ఈ ఉపకారవేతనానికి ఎనిమిదిలో పరీక్ష ఉంటుంది. తర్కానికి 90 మార్కులు, పాఠాలకు 90. గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు. నెలకు వెయ్యి. పట్నంలో అదేమంత లెక్కలోకి రాదు గానీ, ‘ఇంక చదువు చాల్లే’ అన్న మాట ఇంట్లో లేచినప్పుడు ఆడపిల్ల తరఫున మాట్లాడేది ఇక్కడ ఆ వెయ్యే.

ఈ ప్రాంతంలో చదువు ఊసెత్తితే అందరూ చెప్పే పేరు కొడిగెనహళ్ళి. 1971లో సర్వేల్‌లో తొలి గురుకులం పుడితే, మరుసటేడే తాడికొండలోనూ, హిందూపురం దగ్గరి ఈ ఊళ్ళోనూ మొదలయ్యాయి. ఐదో తరగతికి ప్రవేశపరీక్ష పెట్టి, ఏరుకున్న పిల్లలకు కూడూ గూడూ చూపి చదివించిన బడి. దాని ఘనతను తక్కువ చేయను. కానీ గింజలు ఏరి విత్తినవాడి దిగుబడినీ, చేతికొచ్చిందంతా విత్తినవాడి దిగుబడినీ ఒకే తూకంలో వేస్తే ఎట్లా? మండల పరిషత్ బడి ఎవర్నీ ఏరదు. (ఎన్‌ఎంఎంఎస్ నిబంధనలకు ఈ తేడా తెలుసు; వసతి ఉన్న గురుకులాల పిల్లలకు అందులో చోటు లేదు.)

సభ అయ్యాక తెలుగు టీచరమ్మ రెండు హాజరుపట్టీలు తెచ్చి చూపింది. పోయినేటి ఏడో తరగతిలో ఒక పిల్ల వరుస డిసెంబరు దాకా నిండుగా ఉంది. జనవరి నుంచి అన్నీ ఎర్రసిరా గీతలే. అంచున పెన్సిలుతో ‘బెంగళూరు’ అని రాసి ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిసే సీమ ఇది. ఆ కాస్తా అదునుకు పడకపోతే చెనక్కాయ ఊడలోనే ఎండుతుంది. పెద్దలు బెంగళూరు కట్టడాలకు, కదిరి వైపైతే కేరళకు పోతారు. పిల్లలు వాళ్ళ వెంట పోకుండా సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళు నడుస్తాయి. అవి లేనిచోట అవ్వాతాతలే హాస్టలు. ఈ ఏటి పట్టీలో అదే పిల్ల వరుస జనవరిలో తెగలేదు. పిలిచి అడిగితే, “ఈసారి అవ్వ కాడే ఉండా సార్. నాయనోళ్ళు పోయినారు” అంది. హెడ్మాస్టరు నివేదికలో ఆ వరుస లేదు. ఆయన తప్పనలేను. పైనుంచి వచ్చే ఏ నమూనాలోనూ దానికి గడి ఉండదు.

సాంస్కృతిక కార్యక్రమాలంటే తొమ్మిది సినిమా పాటలు. తోలుబొమ్మలకు పేరుపడ్డ నిమ్మలకుంట ఆ బడికి గంట దూరం కూడా లేదు. 2020 పద్మశ్రీ పొందిన బొమ్మలాట కళాకారుడు దళవాయి చలపతిరావు గారి ఊరది. మేకతోలును పారదర్శకంగా శుభ్రం చేసి, రంగులద్ది, సన్నటి చిల్లులు పొడిస్తే, తెర వెనక దీపం పెట్టగానే ఆ చిల్లులే సీత మెడలో నగలవుతాయి. ఒక్క పూట ఆ పిల్లల్ని అక్కడికి తీసుకుపోయి ఉంటే అనిపించింది. చివర్లో ఎనిమిదిమంది పిల్లలు చెక్కభజన వేశారు. నేర్పింది ఏ టీచరూ కాదు, మధ్యాహ్న భోజనం వండే ఆమె పెనిమిటి. అడుగు తప్పినప్పుడల్లా పిల్లలు పకపకా నవ్వి మళ్ళీ అందుకున్నారు. ఆయన మాత్రం నవ్వలేదు, స్తంభం చాటున నిలబడి కాలితో తాళం వేస్తూనే ఉన్నాడు.

వరండాలో గోడపత్రిక ఉంది. ‘మా ఊరు’ మీద పన్నెండు వ్యాసాలు. పదకొండింట్లో గలగల పారే సెలయేళ్ళు, పచ్చని పైర్లు. అన్నీ గైడు పుణ్యం. పన్నెండోది ఆరో తరగతి పిల్లవాడిది. నీళ్ళ ట్యాంకరు వచ్చే రోజు వాళ్ళమ్మ బిందెకు గుర్తుగా ఎర్రగుడ్డ పీలిక కట్టాడట. తీరా చూస్తే ఆ పీలిక ఇంకొకరి బిందెకు ఉందట. నాలుగు వాక్యాలు, రెండు అక్షరదోషాలు. కరువును కథల్లో రాసిన సింగమనేని నారాయణ గారు తెలుగు పంతులే. ఈ కాగితం ఆయన కంటబడి ఉంటే జేబులో వేసుకుని పోయేవారు.

టీచరమ్మను అడిగి నేను తెచ్చుకున్నాను. మా పత్రిక వచ్చే సంచికలో వేస్తున్నాం, దోషాలు దిద్దకుండా.