కథకూ కాగితం కావాలి

గత రంజాన్‌లో ఒక రాత్రి తరావీహ్ నమాజు ముగించుకుని ఇంటికి చేరేసరికి మా వీధి దర్జీ భాయి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పండుగ ముందు రోజుల్లో దర్జీకి ఊపిరి సలపదు. అంత పని వదిలి, మెడలో టేపు కూడా తీయకుండా వచ్చాడంటే ఏదో పెద్ద చిక్కే అనుకున్నాం. పక్కన డిగ్రీ పూర్తిచేసిన అతని కూతురు, ఆమె చేతిలో ఒక కాగితం. "చాచా, దీని మీద సంతకం పెట్టి పంపమన్నారు. మీకు చూపించాకే పెట్టమన్నాడు అబ్బా" అంది.

అమ్మాయి మూడేళ్లుగా కథలు రాస్తోందని మాకు తెలుసు. వాటిలో 12 కథలను పుస్తకంగా వేస్తామని ఒక ప్రచురణకర్త ముందుకొచ్చాడట. ఖర్చు కింద 45,000 రూపాయలు అమ్మాయే చెల్లించాలి. 500 ప్రతుల్లో 100 ఆమెకిస్తారు, తక్కినవి వారే అమ్ముతారు. అమ్మిన లెక్క ఎప్పుడు చెబుతారో, వచ్చిన సొమ్ములో ఆమె వాటా ఎంతో ఆ కాగితంలో ఎక్కడా లేదు. కథలపై సమస్త హక్కులూ శాశ్వతంగా ప్రచురణకర్తవే అన్న వాక్యం మాత్రం ఎంతో స్పష్టంగా ఉంది. ఆ 45,000 అమ్మాయి బి.ఎడ్. ఫీజు కోసం దాచుకున్నవి.

ఇక్కడ మా తప్పొకటి ఒప్పుకోవాలి. పదేళ్ల కిందట ఇదే వీధిలో ఒక కుర్రవాడు మా దగ్గరికి వచ్చాడు. అతని కథను ఎవరో అడగకుండానే ఒక సంకలనంలో చేర్చారు. డబ్బు మాట అటుంచి, ఒక్క ప్రతి కూడా పంపలేదు. "అచ్చయింది కదా బేటా, సంతోషించు, డబ్బు తరువాత దానంతటదే వస్తుంది" అని సర్దిచెప్పి పంపాం. ఆ తరువాత అతను మరో రెండు కథలు రాశాడు, అంతే. ఇప్పుడు మొబైల్ దుకాణంలో పని చేస్తున్నాడు. 33 ఏళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసి, రసీదు లేనిదే రూపాయి కదలనివ్వని మేము, ఆ కుర్రవాడి హక్కు దగ్గర మాత్రం ఎందుకంత ఉదారంగా ఉన్నామో ఈనాటికీ మాకు అర్థం కాదు. బహుశా కథ రాయడాన్ని పనిగా మేమూ గుర్తించకపోవడమే కారణం.

చట్టం మాత్రం గుర్తించింది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఒకరి వద్ద ఉద్యోగిగా కాక స్వతంత్రంగా రాసిన కథకు తొలి యజమాని రచయితే. అందుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. ఆ హక్కును మరొకరికి ఇవ్వాలంటే నోటిమాట చెల్లదు, రాతపూర్వకంగా సంతకంతో ఇవ్వాలి. ఏ రచన, ఏయే హక్కులు, ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి, ప్రతిఫలం ఎంత అన్నవి ఆ పత్రంలో ఉండాలని 19వ సెక్షన్ చెబుతోంది. కాలం రాయకపోతే ఐదేళ్లుగానే పరిగణిస్తారు. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వినియోగించకపోతే, పత్రంలో వేరుగా రాసుకుని ఉంటే తప్ప, ఆ హక్కు వారికి ఇక ఉండదు. అంటే ఏమీ రాయని చోట చట్టం కొంతవరకు రచయిత పక్షాన నిలబడుతుంది. "శాశ్వతంగా" అని మన చేత్తో సంతకం చేసి ఇచ్చాక ఆ అండ కూడా పలుచబడుతుంది.

ఇది కోర్టుల సంగతి, మనకెందుకు అనుకునేవారికి ఒక మాట. ఖురాన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయతు ఏ విషయం మీద వచ్చిందో మనలో చాలామందికి తెలుసు. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులుండాలని బఖరా సూరాలోని 282వ ఆయతు బోధిస్తుంది. పెళ్లికి నికాహ్‌నామా రాసుకుంటాం. గదిని అద్దెకిస్తే ఒప్పందం రాసుకుంటాం. బిడ్డ మూడేళ్ల శ్రమను అప్పగించేటప్పుడు కాగితం అడగడం ఆశపోతుతనం ఎలా అవుతుంది?

అమ్మాయికి మేము చెప్పిన మొదటి మాట, పుస్తకానికి తొందరపడవద్దని. ముందు ఒక్కో కథా పత్రికల్లో రావాలి. విపుల, చతుర వంటివి ఆగిపోయాక కథకు చోటు తగ్గిన మాట నిజమే. అయినా దినపత్రికల ఆదివారం అనుబంధాలున్నాయి, మిగిలిన వారపత్రికలు, మాసపత్రికలున్నాయి, ఉగాదికీ సంక్రాంతికీ కథల పోటీలున్నాయి. కొన్ని పారితోషికం ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఇవ్వని చోటికి కథ పంపకూడదని అనము, తెలిసి పంపాలి. ఒకే కథను ఒకేసారి రెండు చోట్లకు పంపకూడదు. దానికి మా కార్యాలయపు పాత విద్య ఒకటి నేర్పాం. ఒక నోటుబుక్కులో అవుట్‌వర్డ్ రిజిస్టరు గీయించాం. కథ పేరు, పంపిన తేదీ, ఎవరికి, జవాబు, వచ్చిన సొమ్ము. చివరి గడి చూసి అమ్మాయి నవ్వింది. నవ్వినా గడి ఉండాల్సిందే అన్నాం.

భాష విషయంలో ఆమెకొక దిగులుంది. అబ్బా, అమ్మీ, దస్తర్‌ఖాన్, సెహ్రీ వంటి మాటలు మార్చమంటారేమోనని. దర్గామిట్ట కతలు రాసిన ఖదీర్‌బాబును తెలుగు పాఠకులు అక్కున చేర్చుకున్నారు. స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన 'వతన్' మన ఇళ్ల కథలను ఒక్కచోటికి తెచ్చింది. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకు కేంద్ర సాహిత్య అకాదెమీ యువ పురస్కారం లభించింది. వాళ్లెవరూ ఇంటి మాటను దాచుకోలేదు. అచ్చుతప్పు దిద్దితే తలవంచాలి, అమ్మీని తీసేయమంటే కారణం అడగాలి.

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం నామోషీ కాదు. తెలుగులో చాలామంది మొదటి పుస్తకం అలాగే వస్తుంది. కానీ డబ్బు మనదైనప్పుడు పుస్తకమూ మనదే కావాలి. ప్రతులన్నీ, హక్కులన్నీ రచయితవే. అచ్చువేసిన వారికి అచ్చుకూలి, దుకాణం వారికి వారి కమీషను. ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య కోసం కూడా కొందరు రుసుము వసూలు చేస్తున్నారు. మన దేశంలో దాన్ని రాజా రామ్మోహన్ రాయ్ పేరిట ఉన్న జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది.

అనువాదం, ఆడియో, సినిమా హక్కులు వేటికవే వేరు. వాటిని విడిగా రాయించుకోవాలి. "నా కథను ఎవరు అనువదిస్తారు చాచా?" అంది అమ్మాయి. 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతి పొందిన బాను ముష్తాక్ మన పొరుగున కన్నడంలో ముస్లిం స్త్రీల బతుకుల్ని రాసిన కథకురాలు. 'హార్ట్ ల్యాంప్'లోని కథలు 1990 నుంచి మూడు దశాబ్దాలకు పైగా కన్నడంలో వచ్చినవి. ఆ 50,000 పౌండ్ల బహుమతి రచయిత్రికీ, అనువాదకురాలు దీపా భస్తీకీ చెరిసగం. ఏ కథ ఏనాడు ఏ భాషలోకి వెళుతుందో రాసేనాడు ఎవరికి తెలుసు?

ప్రభుత్వ పక్షాన దారులు లేకపోలేదు. నేషనల్ బుక్ ట్రస్టు నడిపిన యువ రచయితల పథకంలో ఎంపికైన 30 ఏళ్ల లోపు వారికి ఆరు నెలల పాటు నెలకు 50,000 రూపాయల ఉపకారవేతనం ఇచ్చారు. తెలుగూ అందులో ఉంది. స్కాలర్‌షిప్ ఫారాల కోసం వీధివీధి తిరిగే మన సంఘాలు ఇటువంటి ప్రకటనను ఎన్నడైనా మసీదు బోర్డు మీద అంటించాయా? మేమూ అంటించలేదు.

ఇక మన సంగతి. మనవాళ్ల పుస్తకం వస్తే మనం మొదట అడిగేది ఉచిత ప్రతి. దావత్‌లో వేలు పోస్తాం, సొంత మనిషి రాసిన 150 రూపాయల పుస్తకం దగ్గర చుట్టరికం గుర్తొస్తుంది. ఆవిష్కరణ సభలో శాలువా కప్పి, ఫొటో దిగి, సంతకం చేయించుకుని, డబ్బివ్వకుండా పుస్తకం పట్టుకెళ్లినవారిని మేము కళ్లారా చూశాం. ఆ వరుసలో మేమూ ఉన్నాం. జమాత్ గ్రంథాలయాలు, మన విద్యాసంస్థలు ఏటా కొన్ని పుస్తకాలు కొని, బిల్లు తీసుకుని, సొమ్ము చెల్లించడం మొదలుపెడితే అది శాలువా కంటే ఎక్కువ గౌరవం.

ఆ కాగితం మీద అమ్మాయి సంతకం చేయలేదు. కాలం మూడేళ్లు, తెలుగు ముద్రణ హక్కు మాత్రమే, ఆరు నెలలకోసారి లెక్క, అమ్మకంలో వాటా, అచ్చు ఖర్చు ప్రచురణకర్తదే అని ఐదు వాక్యాలు రాసి తిప్పి పంపింది. జవాబు ఇంతవరకు రాలేదు. దర్జీ భాయి కొన్నాళ్లు మాతో ముభావంగా ఉన్నాడు, కూతురి పుస్తకం మా వల్లే ఆగిపోయిందని. ఆ దిగులు మాకూ ఉంది. ఫీజు కట్టారు, అమ్మాయి బి.ఎడ్.లో చేరింది.

మొన్న బక్రీద్ తరువాత రిజిస్టరు తెచ్చి చూపించింది. ఏడు కథలు బయటికి వెళ్లాయి. నాలుగు తిరిగి వచ్చాయి, రెండింటికి జవాబు లేదు. ఒకటి అచ్చయింది. చివరి గడిలో 750 అని రాసి, పక్కన తేదీ వేసింది.