నాదానికి ధరచీటీ

ఇంట్లో మంచి సంగీతం వినాలంటే లక్షలు పోయాలన్న మాట ఇవాళ రెండు నోళ్ల నుంచి వినిపిస్తున్నది. ఒకటి ఆ సామాను అమ్మేవాడి నోరు. వాడిని అర్థం చేసుకోవచ్చు. అది వాడి బతుకుతెరువు. రెండోది మన నోరు. “మేలైన ధ్వని, స్పీకర్లు, ఆంప్లిఫయర్లు - ఇదంతా బూర్జువాల సరదా. మనకు ఫోనులో వినిపిస్తే చాలదా?” అని మన అధ్యాపక మిత్రులూ, విద్యార్థులూ త్యాగధనుల ఫణితిలో పలుకుతున్నారు. ఈ రెండు మాటలూ పైకి పరస్పర విరుద్ధాలు. తరచి చూస్తే రెండూ ఒకటే. నాణ్యత డబ్బున్నవాడి సొత్తు అని మొదటివాడు దస్తావేజు రాస్తే, అవునని రెండోవాడు వేలిముద్ర వేస్తున్నాడు.

ముందు అమ్మేవాడి లెక్క చూద్దాం. స్పీకరుకు తగిలించే తీగను నిగనిగలాడే తొడుగులో పెట్టి, ఆ ముక్కకు వేలూ లక్షలూ అడిగే దుకాణాలు ఉన్నాయి. ఇళ్లకు వైరింగు చేసే మేస్త్రీ వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ 10 మీటర్లు తీసుకోండి. దాని నిరోధం ఓములో పదోవంతు కూడా ఉండదు. స్పీకరుది సుమారు 8 ఓములు. ఆ పదోవంతును తగ్గించడానికి లక్షలు ధారపోసేవాడు నాదాన్ని ఉపాసిస్తున్నాడా, తన అంతస్తునా?

ఆంప్లిఫయర్ల కథా ఇంతే. 1987లో అమెరికాలో ‘స్టీరియో రివ్యూ’ పత్రిక, రమారమి 200 డాలర్ల రిసీవరు మొదలు 12,000 డాలర్ల వాల్వు ఆంప్లిఫయరు దాకా కొన్నిటిని తెచ్చి, శబ్దమట్టం సమానం చేసి, ఏది మోగుతున్నదో చెప్పకుండా వినిపించింది. శ్రోతల్లో ఖరీదైన సామాను మహిమను నమ్మినవారూ ఉన్నారు, నమ్మనివారూ ఉన్నారు. ఎవరూ తేడాను నికరంగా పట్టుకోలేకపోయారు. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కు శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి 16 బిట్లలో రాస్తుంది. అంతకన్న సూక్ష్మంగా కొలిచిన రికార్డింగులంటూ కొత్త ధర చెప్పడం తర్వాత మొదలైంది. ఆ మేలురకాన్ని ఉన్నదున్నట్టు ఒకసారి, డిస్కు ప్రమాణానికి కుదించి మరొకసారి వినిపించి, 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఫలితం ప్రకటించారు. 554 సార్లు అడిగితే సరైన జవాబు 276 సార్లు వచ్చింది. బొమ్మా బొరుసూ ఎగరేసినా అంతే వస్తుంది.

అయితే తేడా విన్నామని ప్రమాణం చేసేవారంతా అబద్ధాలకోరులా? కాదు. ఇక్కడే అసలు విషయం ఉంది. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు స్పీకర్లు తయారుచేసే హర్మన్ కంపెనీలో, ఆ కంపెనీ ఉద్యోగులనే కూర్చోబెట్టి, కొన్ని స్పీకర్లను తెర చాటున ఒకసారి, కళ్లెదుట ఒకసారి వినిపించారు. వాటిలో ఒకటి చౌకరకం చిన్న ప్లాస్టిక్ సెట్టు. తెర చాటున దానికి వచ్చిన మార్కులు, రూపం కంటబడగానే పడిపోయాయి. పెద్ద పెట్టెలకు పెరిగాయి. వారు నిజంగానే అలా విన్నారు! చెవి విన్నది ధ్వనిని కాదు; పెట్టె పరిమాణాన్ని, పేరును, ధరను. సరుకు మనిషి కళ్లకు కప్పే మాయను మార్క్సు 1867లోనే వివరించాడు. అది చెవులకు కూడా కప్పుతుందని ఆ ప్రయోగం చూపింది.

ఇక మన మిత్రులు. మంచి ధ్వని బూర్జువాలదని ఎవరు చెప్పారు? డప్పును ఫోను స్పీకరులో విని చూడండి. గుండెను అదిరించే ఆ దెబ్బ రేకుడబ్బా మీద పుల్లతో కొట్టినట్టు వస్తుంది. మృదంగంలో కుడి ముఖం వినిపిస్తుంది, ఎడమ ముఖం మాయమవుతుంది. అంత చిన్న రేకు ఆ మంద్రనాదానికి చాలినంత గాలిని కదిలించలేదు. శ్రమజీవుల వాద్యాన్ని సగం కోసి వింటూ దానికి ప్రజాసంస్కృతి అని పేరు పెట్టుకోవడం ఏం న్యాయం? ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఫిడేలును పెద్దలు గ్రామఫోను ప్లేట్ల గరగరల మధ్యే విన్నారు గదా అంటారు. విన్నారు. అంతకన్న మేలైనది ఆనాడు ఇంట్లో దొరకదు గనుక. లేమినే ఆదర్శం చేసుకొమ్మని వారెవరూ చెప్పలేదు సుమా!

పైగా మంచి ధ్వని చౌక కావడం వ్యాపారి దయ కాదు. మంద్రస్వరాలు పలకాలంటే బీరువా అంత పెట్టె ఉండాలనే రోజుల్లో, న్యూయార్కు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఎడ్గార్ విల్చర్ 1954లో పెట్టెను గాలి చొరకుండా మూసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకున్నాడు. పుస్తకాల అలమరలో పట్టే పెట్టె మంద్రం పలికింది. ఆయనే తర్వాత చెవిటివారి వినికిడి యంత్రాలకు పనికివచ్చే కొత్త పద్ధతి కనిపెట్టి, పేటెంటు తీసుకోకుండా 1973లో లోకానికి ప్రకటించాడు. మన చేతికి వచ్చిన చవక ఇటువంటి వారి శ్రమఫలం. దాన్ని కాదనడం త్యాగం కానేరదు.

స్పీకర్ల మధ్య తేడాలు లేవని నా వాదం కాదు. ఉన్నాయి, చెవికి తెలిసేటంత ఉన్నాయి. మరీ నాసిరకం నాసిరకమే. కాని ఒక మామూలు ఫోను ధరకు మించని చిన్న స్పీకర్ల జత, రెండు వేల లోపు ఇయర్‌ఫోన్లు ఇవాళ వీణ గమకాన్ని పూర్తిగా పలుకుతాయి. తక్కిన మేలు చాలావరకు చేతిపని: స్పీకర్లను మూలల్లోంచి ముందుకు జరపడం, చెవి ఎత్తుకు పెట్టడం, వట్టిగోడకు ఒక బొంతో పుస్తకాల వరసో అడ్డం పెట్టడం.

ఆ తర్వాత మాత్రం డబ్బు సమస్య నిజంగానే వస్తుంది, యంత్రం రూపంలో కాదు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాసప్రాంతంలో చప్పుడు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదు. బస్సుల రోడ్డు పక్క ఒంటిగదిలో అద్దెకున్నవాడికి ఆ నిబంధన కాగితం మీదే ఉంది. గమకం చివర సన్నగా జారే స్వరం ఆ రొదలో మునిగిపోతుంది. పది లక్షల సామాను పెట్టినా మునిగిపోతుంది. రొదను దాటించాలని ఇయర్‌ఫోన్ల మోత పెంచితే చెవులే పోతాయి. పెద్దలకు సగటున 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలే హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ధనవంతుడు కొనుక్కున్నది మేలైన చెవిని కాదు. తోట వెనుక గదిని, ఎవరూ పిలవని సాయంత్రాన్ని.

అటువంటి గది మనమూ సంపాదించవచ్చు, ఉమ్మడిగా. ఊరికొక పంచాయతీ రేడియో పెట్టి నలుగురూ చుట్టూ కూర్చుని విన్న దేశం ఇది. ప్రతి కళాశాలలో, ప్రతి సంఘం ఆఫీసులో రోడ్డుకు దూరంగా ఒక గది, అందులో ఒక మంచి స్పీకర్ల జత, వారానికి రెండు సాయంత్రాలు. నిధులు లేవంటారా? మన వార్షికోత్సవానికి షామియానాకూ మైకుసెట్టుకూ ఇచ్చే అద్దె ఎంతో ఒకసారి లెక్క తీయండి.