పచ్చనివన్నీ తంగేడు కావు

పోయిన భోగినాడు అవ్వ నన్ను కన్మాయి గట్టుకు పంపించింది. "కాప్పు కట్టాలి. తంగేడు, పూళప్పూ, వేపాకు కోసుకు రా" అంది. మాది వత్రాప్. పడమటి కనుమలు ఊరి పక్కనే మొదలవుతాయి. గట్టు మీద పసుపుపచ్చగా పూసిన కొమ్మ ఒకటి కనబడితే విరుచుకుని వచ్చేశాను. అవ్వ ఆకు నలిపి వాసన చూసింది. "ఇది తంగేడా? పేయావిరై కదే! తెలుగు చదువుతున్నావు, తంగేడు తెలీదా?" అంది. అప్పటికే మా అక్క కొడుకు, మూడేళ్ళవాడు, దాని ఎండుకాయ ఒకటి తీసి గింజలు వొలుస్తున్నాడు. అవ్వ వాడి చేతిలోంచి లాగేసి, సబ్బు పెట్టి చేతులు కడిగించింది.

ఆ రోజు సిగ్గేసింది. తర్వాత విషయం చదివాక భయం వేసింది.

తమిళంలో పేయావిరై అన్నది తెలుగులో కసింద. ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాల్లో ఏటా చలికాలం ముందు చిన్నపిల్లలు ఉన్నట్టుండి స్పృహ తప్పి చనిపోయేవారు. చాలాకాలం అది మెదడువాపు జ్వరం అనుకున్నారు. కసింద గింజలు తినడమే కారణమని 2007 ప్రాంతంలో అక్కడి వైద్యులు పరిశోధించి ప్రకటించారు. ఆ గింజల విషం మెదడు, కాలేయం, కండరాలు మూడింటినీ దెబ్బతీస్తుంది. 'పేయి' అంటే దెయ్యం. ఆ పేరు పెట్టిన పాతవాళ్ళు అందులోనే హెచ్చరిక కూడా పెట్టారు. పేరు మరిచిపోయిన మనకి హెచ్చరిక కూడా పోయింది.

గుర్తుపట్టడం అంత కష్టమా అంటే, కాదు. పువ్వు ఒక్కటే చూస్తే కష్టం. ఇవన్నీ దగ్గరి చుట్టాలే, అయిదు రేకుల పసుపు పూలే. ఆకు, కాయ, వాసన కూడా చూడాలి. తంగేడు పొద. దాని ఆకు కాడ మొదట్లో చెవి ఆకారంలో చిన్న రెక్కలుంటాయి. కాయ పలచగా, కాగితంలాగా ఉంటుంది. కసిందకి ఆ చెవులుండవు. చిట్టాకులు మూడు నుంచి అయిదు జతలే, కొనలు సూదిగా ఉంటాయి. నలిపితే చెడు వాసన. సీమతంగేడు రోడ్డు పక్కన నీడకోసం పెంచే పెద్ద చెట్టు. నేలతంగేడు మన దక్షిణ జిల్లాల్లో పండించే పైరు. తిరునెల్వేలి పేరుతో విదేశాలకి పోయే విరేచనాల మందు అదే. తంగేడు అనుకుని దాని కషాయం తాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు!

ఇది మన ఊరి తంటా మాత్రమే కాదు. ఇంగ్లండు పచ్చికల్లో బటర్‌కప్ అనే నిగనిగలాడే పసుపు పువ్వు ఉంది. దాంట్లో మామూలుగా కనబడే మూడు రకాల పూలూ ఒక్కలాగే ఉంటాయి. అక్కడివాళ్ళు పువ్వును తిరగేసి చూస్తారు. కింది పచ్చరేకులు కాడవైపు వెనక్కి మడిచి ఉంటే ఒక రకం. మొక్క నేలమీద తీగలు పాకిస్తే ఇంకొకటి. ఈ రెండూ లేక నిటారుగా పెరిగితే మూడోది. అంటే ఎక్కడైనా పద్ధతి ఒకటే: ముఖం చూసి నమ్మకు, వెనక కూడా చూడు.

"ఫోన్‌తో ఫోటో తీస్తే పేరు వచ్చేస్తుంది కదా" అంటారు మన క్లాసువాళ్ళు. వస్తుంది. కానీ మనం తీసేది పువ్వు ఫోటో. వాసన ఫోన్‌కి తెలీదు. "ఇది బోటనీవాళ్ళ పని, మనకెందుకు" అనేవాళ్ళూ ఉన్నారు. నేను దీన్నే ఒప్పుకోను. తంగేడు, నేలతంగేడు, సీమతంగేడు, కసింద అన్నవి తెలుగు మాటలు. ఒక్కో మాట వెనక ఒక్కో మొక్క, ఒక్కో జాగ్రత్త ఉంది. మాట మిగిలి మొక్క తెలియకపోతే అది పరీక్షకి పనికొస్తుంది, బతుక్కి పనికిరాదు. అసలు రంగు దగ్గరే తడబడుతున్నాం. తెలుగులో 'పచ్చ' అంటే పసుపూ అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది. తమిళం మధ్య పెరిగిన మాకు ఆకుపచ్చ ఒక్కటే గుర్తొస్తుంది.

రాబర్ట్ వైట్ అనే వైద్యుడు 19వ శతాబ్దంలో మద్రాసు రాజధాని మొక్కల మీద పెద్ద పుస్తకాలు వేశాడు. వాటికి బొమ్మలు గీసినవాళ్ళు రంగయ్య, గోవిందు. మన ఇళ్ళల్లో వినబడే పేర్లే! ఆ బొమ్మల్లో కొమ్మ పక్కనే పువ్వు భాగాలూ కాయా విడివిడిగా ఉంటాయి. గీసే చెయ్యి అన్నీ చూడక తప్పదు.

అందుకే నాదొక మనవి. ఈ గోడపత్రికలో నెలకొక మొక్క పెడదాం. ఆకు, పువ్వు, కాయ మూడూ చేత్తో గీసి, కింద మన ఇంటి తెలుగు పేరూ పక్కింటి తమిళ పేరూ రాద్దాం. పేర్లు అవ్వల దగ్గర అడిగి తెద్దాం, బోటనీ మేడమ్‌గారికి చూపించి సరిచేసుకుందాం. మొదటి నెల కసింద నేను గీస్తాను. తెల్లనివన్నీ పాలు కావని చిన్నప్పుడే నేర్పారు మనకి. పచ్చనివన్నీ తంగేడు కావని మాత్రం నాకు మూడేళ్ళ పిల్లవాడి చేతిలో కాయ చూశాకే తెలిసింది.