హయత్‌నగర్‌లో ఒక్కసారి ఆగండి

సూర్యాపేట, కోదాడ నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సులు దాదాపు అన్నీ హయత్‌నగర్ మీదుగానే పోతాయి. మిర్యాలగూడ వాళ్లమూ నార్కట్‌పల్లి దగ్గర ఆ దారే ఎక్కుతాం. అయినా అక్కడి హయత్ బక్షీ మసీదు లోపలికి అడుగుపెట్టినవాళ్లు మనలో బహు తక్కువ. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సరుకు నడిచిన కాలంలో, 17వ శతాబ్దంలో, కుతుబ్‌షాహీలు కట్టించిన మసీదు అది. సుల్తాన్ మహమ్మద్ కులీ కూతురు, సుల్తాన్ అబ్దుల్లా తల్లి హయత్ బక్షీ బేగం పేరే ఊరికీ నిలిచింది. ఎత్తయిన అరుగు, ముఖభాగంలో అయిదు కమానులు, రెండు పక్కలా మినార్లు, చుట్టూ బాటసారులు బస చేసిన సరాయి గదులు, పక్కనే హాథీ బావి. ప్రార్థనకు చోటు, అలసినవాడికి నీడ, దప్పికకు నీళ్లు ఒక్కచోటే అమర్చిన ఆలోచన అది. కమానుల మీది నగిషీ సున్నపు గచ్చుతో చేసింది. అలాంటి గోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని పాత పూత పెచ్చులూడుతుంది. కాబట్టి మరమ్మతు డంగు సున్నంతోనే, ఆ పని తెలిసిన మేస్త్రీలతోనే జరగాలి. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గుళ్లను మనవని ఎంత గర్వంగా చెప్పుకుంటామో, ఈ మసీదునూ అంతే గర్వంగా చెప్పుకోవాలి. ఈసారి పట్నం వెళ్లేటప్పుడు అరగంట ముందే బయల్దేరండి, పిల్లలకు చూపించండి.