సంతకానికి ముందే చెప్పండి
కలిసి అద్దెకుంటున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒక విన్నపం



రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం, తణుకు... ఏ ఊరైనా చూడండి. పిల్లల చదువుల కోసం పల్లెలో ఇంటికి తాళం వేసి వచ్చి, ఒక్కరి సంపాదనకు అందని అద్దెను చెరిసగం పంచుకుని, ఇద్దరి పేర్ల మీద ఒకే ఫ్లాటు తీసుకున్న అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కనిపిస్తారు. ఈ కరపత్రం వారికీ, వారికి ఇల్లిచ్చిన ఓనర్లకూ, వారి కాగితాలు రాసే డాక్యుమెంటు రైటర్లకూ. నేను కోరేది ఒక్కటే. అగ్రిమెంటు తిరగరాసే గడువు దగ్గరపడినప్పుడు, వేరే వెళ్లదలచినవారు ఆ మాట సంతకానికి ముందే చెప్పాలి. కొత్త కాగితంలో వారి పేరు ఉండకూడదు.

నేను ఆ పని చెయ్యలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

రాజమహేంద్రవరం దానవాయిపేటలో మూడు బెడ్‌రూముల ఫ్లాటు. నెలకు 15,000 అద్దె, 60,000 అడ్వాన్సు, రెండూ అన్నయ్యా నేనూ చెరిసగం. వదినా నా భార్యా ఒకే వంటింట్లో దాదాపు నాలుగేళ్లపాటు వండారు, ఒక్కరోజు మాట తేడా రాలేదు. ఇంతలో నాకు భీమవరంలో ఉద్యోగం ఖాయమైంది. అగ్రిమెంటు గడువు జనవరి నెలాఖరు. సంక్రాంతికి చెల్లెలూ బావగారూ పిల్లలూ వచ్చారు. పెద్ద పండగ పూట ‘అన్నయ్యా, మేం వేరే వెళ్తాం’ అనడానికి నోరు పెగల్లేదు. కనుమ వెళ్లాక చెబుదామనుకున్నాను. ముక్కనుమ కూడా వెళ్లిపోయింది. 28వ తారీకు సాయంత్రం ఇంటివారు స్టాంపు పేపరు పట్టుకొచ్చారు. అన్నయ్య సంతకం చేసి పెన్ను నా చేతికిచ్చాడు. వదిన కాఫీ గ్లాసుల పళ్లెంతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ పెన్ను పట్టుకుని కాసేపు ఆ కాగితం కేసే చూశాను. సంతకం పెట్టేశాను.

ఏప్రిల్లో భీమవరం వెళ్లిపోయాం. రెండు నెలలు నా సగం పంపాను. అక్కడి అద్దె, ఇక్కడి సగం రెండూ మొయ్యలేక ఆపేశాను. అదే సమయంలో అన్నయ్య వ్యాపారం దెబ్బతింది. నాతో చెప్పలేదు, చెప్పడానికి వాడికీ మొహమాటమే. అయిదు నెలల అద్దె పేరుకుపోయింది. ఇంటివారు ఫోను చేసింది నాకే: ‘మీ సంతకం కూడా ఉంది కదండీ.’ ఆయన్ని తప్పుపట్టను, సంతకం నాదే. అడ్వాన్సు మొత్తం బాకీ కింద పోయింది, పైన మరో 15,000 నేను కట్టాను. డబ్బు సంగతి వదిలెయ్యండి. ఆ ఏడాది నాన్నగారి ఆబ్దికానికి ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం, ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఇద్దరు సంతకం పెట్టిన కాగితంలో ‘ఉమ్మడిగానూ విడివిడిగానూ’ అన్న ముక్క చాలాసార్లు ఉంటుంది. చదవకుండానే దాటేస్తాం. ఆ ముక్క లేకపోయినా, వేరేగా రాసుకోనంత వరకు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షను అదే చెబుతుంది: కలిసి మాటిచ్చినవారిలో ఎవరో ఒకరి దగ్గర నుంచే బాకీ మొత్తం రాబట్టుకోవచ్చు. కట్టినవాడు తర్వాత రెండోవాడి దగ్గర వాటా వసూలు చేసుకోవాలి. అంటే తమ్ముడు అన్న మీద దావా వెయ్యాలి. మన ఇళ్లల్లో ఎవరు వేస్తారు?

అద్దె అగ్రిమెంట్లు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో కూడా తెలుసుకోండి. ఏడాదికి మించిన లీజును 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పకుండా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ తిరుగుడూ ఎందుకని పదకొండు నెలలకు రాసుకుంటాం. దాంతో గడువు ఏటా ఒక నెల వెనక్కి జరుగుతుంది. మేం జూన్ 1న చేరాం. మొదటి గడువు ఏప్రిల్ నెలాఖరు, తర్వాత మార్చి, ఫిబ్రవరి, ఆఖరికి జనవరి. ఇంట్లో ఎవరికీ ఆ తారీకు గుర్తుండదు. ఓనరు కాగితం తెచ్చిన రోజే గుర్తొస్తుంది, అప్పటికి మాట్లాడుకునే వ్యవధి ఉండదు.

ఒక్కోసారి గడువు ఆషాఢంలోనో పుష్యంలోనో పడుతుంది. శూన్యమాసంలో ఇల్లు మారకూడదని, పాలు పొంగించడానికి ముహూర్తం లేదని, మరో పదకొండు నెలలకు సంతకం పెట్టేస్తారు. అంత అవసరం లేదు. గడువు తీరాక కూడా ఓనరు అద్దె తీసుకుంటూ మిమ్మల్ని ఉండనిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, 1882 ఆస్తి బదిలీ చట్టం దాన్ని నెలనెలా సాగే అద్దెగానే చూస్తుంది. ఖాళీ చెయ్యడానికి పదిహేను రోజుల నోటీసు చాలు. ముహూర్తం కోసం ఒక నెల కావాలంటే ఒక నెలే అడగండి. ఓనరు సరేనంటే ఆ మాట వాట్సాప్‌లో అయినా పెట్టించుకోండి.

‘సొంత అన్నదమ్ముల మధ్య కాగితాలేంటి?’ అంటారు. ఈ గోదావరి డెల్టాలో ఆ మాట చెల్లదు. ఎకరం చెక్కను పంచుకునేటప్పుడు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, ఏ గట్టు ఎవరిదో, బోదె నీళ్లు ముందు ఎవరికో, చెరువుగట్టు మీది కొబ్బరిచెట్లు ఎవరికెన్నో రాసుకున్నవాళ్లం మనం. అలా రాసుకున్న ఇళ్లలో పెళ్లిళ్లకీ పేరంటాలకీ రాకపోకలు నిలిచాయి. రాసుకోని ఇళ్లలో వాళ్ల మనవలు నేటికీ కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలురైతుకు ఇచ్చే కార్డు కూడా పదకొండు నెలలకే. గడువు తీరితే హక్కు తీరినట్టేనని ఆ కార్డు మీదే తెలిసిపోతుంది. చేలో ఇంత జాగ్రత్తపడే మనం, ఉంటున్న ఇంటి దగ్గర మొహమాటపడుతున్నాం.

అలాగని వెళ్లేవారి పక్షమే మాట్లాడను. రెండు రోజుల ముందు చెప్పి సామాను ఆటో ఎక్కిస్తే, మిగిలినవారి నెత్తిన అద్దె మొత్తం పడుతుంది. అది కూడా అన్యాయమే. అందుకే గడువుకు రెండు నెలల ముందు చెప్పండి. అన్నయ్యకు ఆ రెండు నెలలు నేనిచ్చి ఉంటే, వాడు ప్రకాశ్ నగర్‌లోనో మోరంపూడి వైపో రెండు గదుల పోర్షను చూసుకునేవాడు. ఉండిపోయేవారు కూడా ఆ అద్దె తమ ఒక్కరి వల్ల అవుతుందా అని నిజం చెప్పుకోవాలి. కాదని తేలితే ఇద్దరూ కలిసే ఖాళీ చెయ్యడం మేలు.

వెళ్లేవారి సంగతి రాయడానికి పెద్ద దస్తావేజు అక్కర్లేదు. ‘ఫలానా తేదీ నుంచి ఫలానావారు ఈ ఇంటి అద్దెదారు కారు. ఆ తేదీ వరకు వారి వాటా అద్దె, కరెంటు బిల్లు, మెయింటెనెన్సు చెల్లు. అడ్వాన్సులో వారి వాటా ఇంత సొమ్ము ముట్టింది.’ ఇంతే. కింద వెళ్లేవారు, ఉండేవారు, ఇంటివారు ముగ్గురూ సంతకం చెయ్యాలి. అడ్వాన్సు ఇల్లు ఖాళీ అయ్యాకే ఇస్తానని ఓనరు అంటే, ఉండేవారే ఆ వాటాను వాయిదాల మీద ఇచ్చి, ఆ వాయిదాలు కూడా అందులోనే రాసుకోవచ్చు.

ఓనర్లకు ఒక మాట. రెండు సంతకాలుంటే భద్రమని మీకు అనిపిస్తుంది. ఊరు వదిలి వెళ్లినవాడి సంతకం మీకు అద్దె తెచ్చిపెట్టదు, తగువు తెచ్చిపెడుతుంది. ఉండేవారి స్తోమత ముందే తెలుసుకుని వారితోనే కొత్త కాగితం రాయించుకోండి. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదంటోంది. ఆ పద్ధతి మనమూ పెట్టుకుంటే, విడిపోయేటప్పుడు పంచుకోవాల్సిన సొమ్ము చిన్నదవుతుంది, పేచీ కూడా తగ్గుతుంది.

డాక్యుమెంటు రైటర్లకు ప్రత్యేకంగా దండం పెట్టి అడుగుతున్నాను. ఇద్దరి పేర్లతో అద్దె కాగితం టైపు చేసే ప్రతిసారీ ఒక పేరా చేర్చండి: ఇద్దరిలో ఒకరు వెళ్లాలనుకుంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, వారి అడ్వాన్సు ఎవరు, ఎప్పటిలోగా ఇవ్వాలి. మీ కంప్యూటర్లో ఒక్కసారి పెట్టుకుంటే చాలు. సంతకాలకు ముందు ఆ పేరా పైకి చదివి వినిపించండి. చదివి వినిపిస్తే, నాలాంటివాడికి నోరు విప్పడానికి ఒక సందు దొరుకుతుంది.

ఈ కరపత్రం చేతికందిన రోజే బీరువాలోంచి మీ అగ్రిమెంటు తీసి చివరి తేదీ చూడండి. దానికి రెండు నెలల ముందు తేదీని క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టి పెట్టండి. ఆ రెండు నెలల్లో ఇప్పటికే పడి ఉంటే, ఈ రాత్రి భోజనాల దగ్గరే అన్నయ్యతోనో అక్కతోనో ఆ మాట ఎత్తండి.